మర పడవ తొలి ఏళ్ళు: ఇంజినీరు, సరంగుల సంవాదం

మోటారు పడవను సొంతం చేసుకున్న మనిషి మొదటి రెండు మూడేళ్ళలో ఏమి నేర్చుకోవాలన్న ప్రశ్నకు సంపన్న దేశాల పుస్తకాలు ఎక్కువగా విహారపు పడవను దృష్టిలో ఉంచుకుని సమాధానం చెబుతాయి. విశాఖపట్నంలో అదే ప్రశ్న ఇంటి తిండికి, అప్పు వాయిదాకు, మనిషి ప్రాణానికి సంబంధించినది. 1933 డిసెంబరు 19న ఇక్కడి ఓడరేవు లాంఛనంగా ప్రారంభం కావడానికి ఎంతో ముందునుంచే ఈ తీరంలో జాలరులు, వాడబలిజలు తేలిక దుంగలను తాళ్ళతో జతకట్టిన తెప్పల మీద, పలకలతో కుట్టిన నావల మీద వేట సాగించేవారు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభించిన బంగాళాఖాత కార్యక్రమం కెరటాలను దాటి ఇసుక మీదికి రాగల మోటారు పడవల నమూనాలను తూర్పు తీరంలో పరీక్షించగా, 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, గాజునారను రసాయనపు జిగురుతో పొరలు పొరలుగా అతికి చేసే ఫైబర్ పడవలు పల్లెపల్లెకూ విస్తరించాయి.

ఇక్కడ సంవాదానికి తీసుకున్న పడవ అటువంటిదే, అనగా వెనుక అంచుకు బిగించి, అవసరమైనప్పుడు పైకెత్తగల ఔట్‌బోర్డు ఇంజినుతో నడిచే చిన్న ఫైబర్ పడవ. ఫిషింగ్ హార్బరులో నిలిచే, లోపల డీజిలు ఇంజిను ఉండి అడుగు వల లాగే సోనా బోట్ల వంటి పెద్ద మర పడవల ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే వస్తుంది. ఇద్దరు వాదులూ కల్పితులే. యంత్రాన్ని సరిగా చూసుకోవడమే యజమాని మొదటి విద్య అనే పక్షాన్ని ఇంజినీరు, యంత్రం వచ్చాక సముద్రాన్నీ అప్పునూ మరచిపోవడమే అసలు ప్రమాదమనే పక్షాన్ని సరంగు, అనగా పడవను నడిపే పెద్ద, వహిస్తారు.

ఇంజినీరు: కొత్త పడవ మొదటి ఏడాదిలోనే మూలనపడితే ఆ నెపం సముద్రం మీద వేయడం అలవాటయింది గాని, సరంగు గారూ, విప్పి చూసిన ఇంజిను వేరే సంగతి చెబుతుంది. ఔట్‌బోర్డు ఇంజిను తన వేడిని తగ్గించుకోవడానికి సముద్రపు నీటినే లోపలికి లాక్కుని తిప్పి బయటకు వదులుతుంది. ఆ పని చేసే చిన్న రబ్బరు చక్రం ఇసుకనీటికి అరిగిపోయినా, ఎండలో పొడిగా తిరిగి చిరిగినా, నీరు ఆగి లోహం కాలిపోతుంది. నీరు తిరుగుతున్నదని తెలిపే సన్నని ధార ఇంజిను పక్కనుంచి పడుతూనే ఉంటుంది కాబట్టి, ఆ ధార మీద కన్నేసి ఉంచడం, ఒడ్డుకు చేరిన ప్రతిసారీ మంచినీటితో లోపలి దారులను కడగడం అనే రెండు అలవాట్లు ఉన్న యజమానికి తొలి ఏళ్ళ ఖర్చులో పెద్ద భాగం తప్పుతుంది. రెండు స్ట్రోకుల ఇంజినుకు నూనె విడిగా ఉండదు, పెట్రోలులోనే కలపాలి. 50 పాళ్ళకు ఒక పాలు అని తయారీదారు చెప్పినచోట చేతి అంచనాతో పోస్తే, తక్కువైనప్పుడు పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైనప్పుడు ప్లగ్గు మసిపట్టి నడిసంద్రంలో ఆగిపోతుంది.

సరంగు: ఆ మాటలలో కాదనదగినది లేదు, ఇంజినీరు గారూ. అయితే తాగడానికే బిందెలు వరుసకట్టే పల్లెలో ఇంజిను కడగడానికి మంచినీరు ఎక్కడిదన్న ప్రశ్నకు ముందు సమాధానం కావాలి. ఒక డ్రమ్ములో సగం నీరు పోసి ఇంజిను కాలును అందులో ముంచి తిప్పే పద్ధతి ఉన్నదని చెప్పేవారు లేక చాలామంది ఆ అలవాటునే వదిలేశారు. అది పక్కన పెట్టి అసలు విషయానికి వస్తే, ఇంజిను ఆగడం ఒక సంగతి, ఆగిన చోటు మరొక సంగతి. తెరచాప కాలంలో తెల్లవారుజామున నేల మీదనుంచి వీచే గాలితో లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రం మీదనుంచి వీచే గాలితో ఒడ్డుకు వచ్చేవారు. గాలి తిరిగే వేళే రాకపోకల వేళ. ఇంజిను వచ్చాక ఏ వేళనైనా వెళ్ళవచ్చు, ఏ దిక్కుకైనా తిరగవచ్చు అనుకున్న కొత్త యజమాని, గాలికి ఎదురుగా పది కిలోమీటర్లు పోయి, ఇంజిను ఆగిన తరువాత గాని ఆ గాలి ఏ దిక్కుదో చూడలేదని గ్రహించడు.

ఇంజినీరు: గాలి సంగతి చెప్పారు, ప్రవాహం సంగతి కూడా చెప్పడం న్యాయం. తూర్పు తీరం వెంబడి నడిచే ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యానికి, అనగా శ్రీకాకుళం, ఒడిశాల వైపుకు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నైరుతికి, అనగా కాకినాడ వైపుకు సాగుతుంది. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్ల వేగంతో ప్రవాహం ఉన్నా, సాయంత్రం ఆగిన పడవ తెల్లవారేసరికి 22 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. వెతికేవారు బయలుదేరిన చోటికి పోతే అక్కడ నీళ్ళే కనిపిస్తాయి. అందుకే నెలను బట్టి ఏ వైపు వెతకాలో ఇంట్లోవారికి కూడా తెలిసి ఉండాలి.

సరంగు: మార్చిలో వల ఏ పక్కకు పోతుందో, కార్తీకంలో ఏ పక్కకు పోతుందో పల్లెలో ఆడవాళ్ళకు కూడా తెలుసు, ఇంజినీరు గారూ. తెలియనిది, వల వేయకుండా ఇంజిను ధైర్యంతో నేరుగా పోయే కుర్రవాడికే.

ఈ చోట ఇద్దరూ ఒకే విషయాన్ని రెండు వైపులనుంచి చెబుతున్నారని తోచవచ్చు గాని, భేదం చిన్నది కాదు. యంత్రం ఆగకుండా చూసుకోవడం ఇంజినీరు దృష్టి. యంత్రం ఆగుతుందని ముందే ఒప్పుకుని దారి వేసుకోవడం సరంగు దృష్టి. ఇంధనం లెక్కలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది.

ఇంజినీరు: ప్రపంచమంతటా చిన్న పడవలవారు పాటించే నియమమొకటున్నది: ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఆపదకు. దానికి తోడు వేగం సంగతి. నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడవును బట్టి ఒక సహజ వేగం ఉంటుంది. నీటిలో మునిగిన పొడవు 25 అడుగులైతే అది గంటకు ఆరున్నర, ఏడు నాటికల్ మైళ్ళ దగ్గర ఆగుతుంది. ఆ హద్దును మించి తోయాలని చూస్తే పడవ తాను లేపిన అలనే ఎక్కలేక ఇంధనాన్ని తింటుంది. హద్దులోపల కూడా, కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే గంటకు ఖర్చయ్యే ఇంధనం దాదాపు సగానికి పడిపోతుంది, దూరాన్ని బట్టి లెక్కవేసినా మూడో వంతుకు పైగా మిగులుతుంది. హ్యాండిలు పూర్తిగా తిప్పి పోవడమే ఇంజిను సామర్థ్యమనుకునే యజమాని, ఏడాది చివర డబ్బు ఎక్కడ పోయిందో వెతుక్కుంటాడు.

సరంగు: మూడు సమాన భాగాల నియమం నిలకడగా ఉన్న నీటిలో పుట్టింది. ఖాళీ పడవతో, నేలగాలి తోడుతో పోయిన దూరాన్ని, చేపతో ఐసుతో తడిసిన వలతో బరువెక్కిన పడవ ఎదురు ప్రవాహంలో తిరిగి రావాలంటే పోయినంత ఇంధనం చాలదు. రాకకు సగం ఉంచడమే సబబు. వేగం తగ్గించమన్న సలహాకు కూడా అడ్డొకటున్నది. జెట్టీ మీద తెల్లవారి వేలంలో ముందు చేరిన పడవ చేపకు ఒక ధర, ఎండెక్కాక చేరిన పడవకు మరొక ధర. కోనాం, చందువ వంటి ధర పలికే చేప దొరికిననాడు యజమాని మనసంతా ఒడ్డు మీదే ఉంటుంది. ఆనాడు హ్యాండిలు తగ్గించమని పక్కన కూర్చున్నవాడు చెప్పలేడు.

ఇంజినీరు: ఆ ఆరాటానికి మందు పెట్రోలు కాదు, ఐసు. చేపను పట్టిన క్షణంనుంచి చల్లగా ఉంచగలిగితే ఆలస్యానికి పోయే ధర చాలా తక్కువ; ఐసు పెట్టెకు పెట్టిన డబ్బు వేగానికి పెట్టే డబ్బుకంటే ముందుగా తిరిగివస్తుంది.

సరంగు: ఆ మాట ఒప్పుకోదగినది.

ఇంజినీరు: 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఉన్న ఊరిలో లోహపు పాఠం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదనిపిస్తుంది గాని, చెప్పవలసే వస్తున్నది. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తగులుకుంటే వాటి మధ్య సన్నని విద్యుత్తు పుట్టి, బలహీనమైన లోహం కరిగిపోతుంది. ఉక్కు ఇరుసు, అల్యూమినియం కాలు ఒకే ఇంజినులో ఉన్నందున వాటి బదులు కరిగిపోవడానికి ఒక జింకు దిమ్మను తయారీదారే బిగిస్తాడు. అది తరిగిపోతుంటే పని చేస్తున్నట్టు. దాన్ని చూసి ఇంజిను పాడైపోతున్నదని భయపడి దానికి రంగు పూసే యజమానులున్నారు. రంగు పడిన జింకు తన పని మానుకుంటుంది, అప్పుడు కాలే కరుగుతుంది.

సరంగు: ఉక్కు కర్మాగారం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. దక్షిణాన వేటాడి వచ్చేవారికి దాని పొగగొట్టాలు, యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం, వెనుక సింహాచలం కొండలు, ఇవన్నీ దారి గుర్తులు. ఒక కొండ మరొక కొండ వెనుకనుంచి ఎంత బయటికి కనిపిస్తున్నదో చూసి చేపలుండే రాతిచోటును పట్టుకోవడం పాత విద్య; ఇప్పుడు జీపీఎస్‌లో అంకెలు దాచుకుంటున్నారు, అది మంచిదే. కాని బ్యాటరీ తడిసిననాడు కొండలను చదవగల కన్ను ఉండాలి, మంచు కమ్మి కొండలు కనిపించనినాడు జీపీఎస్ ఉండాలి. తొలి ఏళ్ళలో ఈ రెండింటినీ సరిపోల్చుకుంటూ నడిచినవాడికే రెండూ వస్తాయి.

ఇంజినీరు: సముద్రంలో జరిగే ప్రమాదాలకంటే ఒడ్డున కెరటాలు విరిగే చోట జరిగేవే ఎక్కువ ఆందోళన కలిగిస్తాయి. పెద్ద జాలరిపేట వంటి బహిరంగ తీరంలో ఇంజినును ఏ క్షణాన దించాలి, ఏ క్షణాన ఎత్తాలి అన్నది పుస్తకం చెప్పలేని విషయమని ఒప్పుకోవాలి; ముందుగా దించితే ప్రొపెల్లరు ఇసుకను కొడుతుంది, ఆలస్యంగా దించితే పడవ పక్కకు తిరిగి అల కింద పడుతుంది.

సరంగు: అందుకే ఇంజిను ఉన్న పడవలో కూడా తెడ్డు ఉండాలి. కెరటాల వరుసలో పెద్దవి పోయి చిన్నవి వచ్చే సందు కోసం నిలిచి, పడవ ముక్కు అలకు నేరుగా ఉండేలా తెడ్డుతో పట్టుకున్నవాడే ఇంజినును నమ్మదగినవాడు. ఇంకా ముందరి ప్రశ్న, పడవను ఎక్కడ నిలుపుతారన్నది. ఔటర్ హార్బరు గోడలు కట్టాక నగరపు తీరంలో ఇసుక కోసుకుపోవడం, రేవు యంత్రాలతో ఇసుక తెచ్చి పోయవలసి రావడం అందరికీ తెలిసిందే. గంగవరం ఓడరేవు వచ్చినప్పుడు గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు తమ రేవును, నివాసాన్ని వదులుకోవలసి వచ్చింది. పడవ ధర, ఇంజిను ధర అడిగేవాడు పడవ నిలిచే ఇసుకకు ఎవరి హామీ ఉన్నదో అడగడు.

ఇంజినీరు: అది యజమాని నేర్చుకునే పాఠమా, ప్రభుత్వం నేర్చుకునే పాఠమా?

సరంగు: నష్టపోయేది యజమాని కాబట్టి మొదట అతడే నేర్చుకుంటాడు. అప్పు సంగతి కూడా అంతే. పడవకు బ్యాంకు ఇచ్చినది చాలక, వలకు, పెట్రోలుకు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే, ఆ డబ్బుకు వడ్డీ కాగితం మీద కనిపించదు. పట్టిన చేపనంతా ఆ వ్యాపారికే, అతడు చెప్పిన ధరకే ఇవ్వాలన్న కట్టుబాటులో కనిపిస్తుంది. రాబడిలోంచి పెట్రోలు, ఐసు, తిండి తీసివేసి మిగిలినది పడవకు, వలకు, మనుషులకు వాటాలు వేస్తారు. చేప పడనినాడు వాటా లేదు గాని పెట్రోలు ఖర్చు ఉన్నది. ఆ ఖర్చు అడ్వాన్సుకు చేరుతుంది. తెప్ప ఉన్నవాడు చేప లేనినాడు అలసటతో ఇంటికి వచ్చేవాడు, ఇంజిను ఉన్నవాడు అప్పుతో వస్తాడు. మొదటి ఏడాది దాటిన యజమాని అసలు నేర్చుకునేది ఇదే: చేప కనిపించనినాడు ఇంకా దూరం పోయి వెతకడం ధైర్యం కాదని, వెనుదిరగడమే లాభమని.

ఇంజినీరు: దానికి ఉపాయం లేకపోలేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిని, నీటి రంగును బట్టి చేపలు చేరే అవకాశమున్న ప్రాంతాలను తీరకేంద్రాల నుంచి దూరం, దిశ, లోతులతో సహా తెలుపుతుంది. గుడ్డిగా వెతకడానికి అయ్యే ఇంధనంలో కొంతైనా దానివల్ల మిగులుతుంది. ఇక వాటాల లెక్కలో ఒక లోపమున్నది: ఇంజిను అరుగుదలకు వాటా లేదు. ఎన్ని గంటలు నడిచిందో రాసి, గంటకు ఇంతని పక్కన పెట్టకపోతే, రెండు మూడేళ్ళలో ఇంజిను మార్చవలసిననాడు యజమాని మళ్ళీ అదే వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. మీరు చెప్పిన అప్పు ఉచ్చు బిగిసేది మొదటి పడవతో కాదు, రెండో ఇంజినుతో.

రెండో ఇంజిను గురించిన ఈ మాట సంవాదంలో ఇంజినీరు పక్షానికి ఉన్న అత్యంత బలమైన వాదమని చెప్పాలి, ఎందుకంటే యంత్రపు సంరక్షణ, ఇంటి అప్పు వేర్వేరు విషయాలన్న సరంగు అభిప్రాయాన్ని అది కుదిపివేస్తుంది. సరంగు కూడా దానికి ఎదురు చెప్పలేదు. చర్చను వేట నిషేధం మీదికి తీసుకుపోయాడు.

సరంగు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఇంజిను పడవలను ఆపుతారు, ఇంజిను లేని తెప్పకు ఆ ఆంక్ష లేదు. సముద్రం తెప్పవాడికి తెరిచి ఉండి తనకు మూసుకున్న మొదటి వేసవిలో కొత్త యజమానికి కలిగే ఆశ్చర్యం చిన్నది కాదు. వాయిదాకు నిషేధం లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగింది, అది ఇంటికి ఆసరాయే గాని పడవ అప్పుకు కాదు.

ఇంజినీరు: ఆ 61 రోజులు పడవకు మాత్రం వైద్యపు రోజులు. అడుగున పట్టిన నత్తగుల్లలను గీకడం, ఫైబర్ పైపూత పగిలినచోట నీరు పొరలలోకి దిగకముందే ఆరబెట్టి మూయడం, ట్యాంకు అడుగున చేరిన నీటిని తీయడం, రబ్బరు చక్రాన్ని చెడకముందే మార్చడం, ఇవన్నీ ఆ కాలంలో జరగాలి. ఇంజినును అలాగే వదిలి జూన్ 15న తాడు లాగేవాడు ఆ ఏడాది మొదటి వేటను మెకానిక్కుకు ధారపోస్తాడు.

సరంగు: ఆంక్షలలో మరొకటున్నది, అది నెలలది కాదు, హద్దులది. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయ పడవలకు కేటాయించినది. చేపల గుంపును చుట్టుముట్టి అడుగు తాడు బిగించి లాగే రింగు వలల విషయమై 2022 జనవరిలో జాలరిపేట పరిసరాల మత్స్యకారుల మధ్య ఘర్షణ పెరిగి పడవలు తగలబడ్డాయి. పెద్ద ఇంజిను కొన్నవాడికి దూరం పోగల శక్తితోపాటు దూరం పోవలసిన బాధ్యత కూడా వస్తుంది. దగ్గరి నీటిలో తెప్పవాడి వల మీదుగా పోయి ప్రొపెల్లరుతో దాన్ని కోస్తే, ఆ వల ఖరీదు ఇచ్చినా పల్లెలో మాట పోతుంది. ఆపదలో మొదట వచ్చేది ఆ తెప్పవాడే.

ఇంజినీరు: ఆపద అంటే నిప్పు కూడా. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో దాదాపు 40 పడవలు కాలిపోయాయి. పక్కపక్కన కట్టిన ఫైబర్ గోడలు, ట్యాంకుల నిండా డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు ఉన్నచోట ఒక పడవ నిప్పు ఒక పడవతో ఆగదు. చిన్న పడవలో పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి అడుగున పేరుకుంటుంది, వాసన పోయిందనుకుని బీడీ వెలిగిస్తారు. ట్యాంకు నింపడం పడవ బయట జరగాలన్న నియమానికి కారణం అదే.

సరంగు: ఆనాడు ప్రభుత్వం పడవ విలువలో 80 శాతం పరిహారంగా ప్రకటించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు హెచ్చరిక ముందే అందినందువల్ల మనుషులు ఒడ్డునే ఉన్నారు, అయితే రేవులో కట్టిన పడవలు ఒకదానినొకటి కొట్టుకుని పగిలాయి. పరిహారం ప్రకటన మీద ఆధారపడుతుంది, బీమా కాగితం మీద ఆధారపడుతుంది. తొలి ఏళ్ళలో బీమా కట్టిన డబ్బు దండగనిపించినా కట్టవలసిందే.

ఇంజినీరు: ఈ విషయాలన్నీ నేర్పి, పరీక్షించి, ఆ తరువాతే సబ్సిడీ పడవ ఇవ్వాలన్నది ఈ పక్షం కోరిక. విశాఖపట్నంలోనే కేంద్ర ప్రభుత్వపు మత్స్య నౌకా శిక్షణ సంస్థ సిఫ్నెట్ శాఖ నావికులకు, ఇంజిను పనివారికి శిక్షణ ఇస్తున్నది.

సరంగు: పదో తరగతి గట్టెక్కినవారికి ఆ కోర్సులు. తీరంలో పడవ నడిపే చాలామంది ఆ గడప దాటలేదు. చదివిన పిల్లవాడు ఓడ ఉద్యోగానికి పోతాడు గాని తండ్రి పడవకు రాడు. పరీక్ష పెట్టి పడవ ఇస్తామంటే, పడవ అవసరమున్నవాడే బయట నిలుస్తాడు, అటువంటివారిలో కొందరు ఇప్పటికే గుజరాత్‌లోని వెరావల్ పడవల మీద కూలికి పోతున్నారు. నిషేధపు రోజులలో పల్లెకే వచ్చి, ఇసుక మీదే ఇంజిను విప్పి చూపేవారు కావాలి. పాత సరంగులు గాలి, కెరటం చెబుతారు, మీవంటివారు నీటిధార, జింకు చెప్పండి.

ఇంజినీరు: దానికి అభ్యంతరం లేదు. కాని 8 కిలోమీటర్లు దాటి పోయే ప్రతి పడవలోనూ ఒక చిన్న అదనపు ఇంజిను, కోస్ట్ గార్డు ఆపద నంబరు 1554, ఉపగ్రహం ద్వారా ఆపదను తెలిపే పరికరం ఉండి తీరాలన్న షరతును సడలించడం కుదరదు.

సరంగు: నంబరు, పరికరం సరే. అదనపు ఇంజిను మాత్రం అదనపు అప్పు, పైగా ఒకే ట్యాంకులోని నీరు కలిసిన పెట్రోలు రెండు ఇంజిన్లనూ ఒకేసారి ఆపుతుంది. రెండు పడవలు జోడుగా, ఒకదానికొకటి కనిపించే దూరంలో పోవడం పాత కట్టుబాటు. దానికి కొత్తగా కొనవలసినది లాగే తాడు ఒక్కటే.

ఇంజినీరు: జోడు పడవ చేప దొరికిన చోట నిలిచిపోయి, రెండోది తిరిగి రావలసి వస్తే?

సరంగు: ఆ రోజు రెండూ తిరిగి రావాలి, ఆ చేప వాటా రెండింటికీ వేయాలి. ఆ ఒప్పందం బయలుదేరే ముందు ఇసుక మీద జరగాలి, నీటి మీద కాదు.

ఇంజినీరు ఈ ఒప్పందాన్ని అదనపు ఇంజినుకు ప్రత్యామ్నాయంగా అంగీకరించలేదు. తాడుతో లాగే పడవకు తన ఇంధనంతోపాటు మరొక పడవ ఇంధనం కూడా కావాలి కాబట్టి, జోడుగా పోయే రోజున రాకకు సగం ట్యాంకు కూడా చాలదని, ఆ లెక్క వేసిన తరువాతే ఎంత దూరం పోవాలో నిర్ణయించాలని మాత్రం కోరాడు. సరంగు ఆ లెక్కను ఒప్పుకున్నాడు.